ఒహాయోలో మా పోల్ బార్న్: గుంజల మందం, వాటి మధ్య ఎడం, కట్టినవారి పనితీరుపై ఒక సమీక్ష

కొలంబస్ నగరానికి ఉత్తరాన మేము కొనుక్కున్న ఆరెకరాల నేలలో, చిన్న ట్రాక్టరుకూ ట్రెయిలరుకూ ఎండుగడ్డి మోపులకూ నీడ కోసం, 30 అడుగుల వెడల్పు, 48 అడుగుల పొడవు, 12 అడుగుల చూరు ఎత్తుతో ఒక పోల్ బార్న్ కట్టించాము. అది ఒక పూర్తి చలికాలాన్నీ, ఆ తరువాత వచ్చిన వసంతకాలపు ఈదురుగాలులనూ చూసిన తరువాతనే ఈ సమీక్ష రాస్తున్నాను. కట్టినవారు మా పక్క జిల్లాకు చెందిన ఒక చిన్న సంస్థ. వారి పేరు ఇక్కడ రాయడం లేదు. నేను ఎత్తి చూపిన లోపాలలో ముఖ్యమైనవాటిని వారు సరిదిద్దారు. పైగా మేము తెప్పించుకున్న మూడు కొటేషన్లలోనూ కొన్ని లోపాలు ఉమ్మడిగానే కనిపించాయి కనుక, ఒక్కరి పేరు చెప్పడం న్యాయం కాదనిపించింది. ఈ దేశంలో నేల కొనుక్కుని కొట్టం వేసుకోవాలనుకునే తెలుగువారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వారికి రంగు, తలుపు, రేకు గురించి చెప్పేవారు కోకొల్లలు కాబట్టి, నేను ఎక్కువగా గుంజల గురించే రాస్తాను.

పోల్ బార్న్ అంటే మనకు తెలియని వస్తువేమీ కాదు. గోడ పొడవునా పునాది తవ్వకుండా, గుంజలను నేలలో లోతుగా పాతి, వాటి మీదే కప్పు భారం మోపి, వాటికే అడ్డపట్టీలు కొట్టి రేకు బిగిస్తారు. తెనాలి దగ్గర మా ఊరిలో నాన్నగారి పశువుల పాక కూడా ఇదే పద్ధతిలో కట్టినది. అక్కడ తుమ్మ గుంజలు, తాటి దూలాలు, తాటాకు కప్పు ఉండేవి. ఇక్కడ మందు పట్టించిన పైన్ గుంజలు, ఫ్యాక్టరీలో తయారైన ట్రస్సులు (కప్పును మోసే త్రికోణపు చెక్క చట్రాలు), ఉక్కు రేకు ఉన్నాయి. తేడా ఏమిటంటే, మా ఊరి పాక చూరు మనిషి ఎత్తుకు మించదు, నాలుగు వైపులా తెరిచి ఉంటుంది. ఇక్కడి కొట్టానికి పన్నెండు అడుగుల ఎత్తున నాలుగు వైపులా రేకు గోడ ఉంటుంది కనుక, గాలికి అది తెరచాపలా అడ్డు నిలుస్తుంది. గుంజ మందాన్ని నిర్ణయించేది ఆ గాలే. కప్పు బరువు అనుకుని ఇంటికి వచ్చిన ప్రతి మిత్రుడూ గుంజను తట్టి చూసి, “దీని మీద ఎంత బరువైనా ఆగుతుంది” అన్నారు. ఆ మాట నిజమే. కానీ నిలువుగా పడే బరువుకు గుంజ విరగడమనేది దాదాపు ఉండదు. పక్కనుంచి తోసే గాలికి వంగి విరుగుతుంది, లేదా అడుగున ఉన్న ఫుటింగ్, అంటే గుంజ కింద ఉండే కాంక్రీటు దిమ్మ, నేలలోకి దిగబడుతుంది.

మూడు కొటేషన్ల సంగతి చెబుతాను. మొదటివారు 6×6 గుంజలను 12 అడుగుల ఎడంతో, మొత్తం 14 గుంజలతో కడతామన్నారు. ధరలో అదే తక్కువ. రెండవవారు 4×6 గుంజలను 8 అడుగుల ఎడంతో, 18 గుంజలతో ఇచ్చారు. మేము ఎంచుకున్న మూడవవారు మూడు 2×6 పలకలను ఒకదానిపై ఒకటి మేకులతో అతికి చేసిన మూడు పొరల గుంజలను 8 అడుగుల ఎడంతో, అవీ 18, ఇచ్చారు. ముగ్గురూ తమ కొట్టం బలానికి ఢోకా లేదనే చెప్పారు. చూడగానే ఎవరికైనా మొదటి కొటేషనే మెరుగ్గా కనిపిస్తుంది. గుంజ లావుగా ఉంది, గుంతలు నాలుగు తక్కువ, ధరా తక్కువ.

ఇక్కడ కొంత లెక్క తప్పదు. మొదట కలప అడితిలో చెప్పే కొలతకూ అసలు కొలతకూ తేడా ఉందని గుర్తుంచుకోవాలి. 6×6 అని అమ్మే గుంజ నిజానికి అయిదున్నర అంగుళాల చదరం. 4×6 అనేది మూడున్నర, అయిదున్నర అంగుళాలు. మూడు 2×6 పలకలను అతికితే నాలుగున్నర, అయిదున్నర అంగుళాలు వస్తుంది. వంపును ఆపే శక్తి గుంజ వెడల్పుతో నేరుగానూ, గాలి దిక్కున ఉన్న మందంతో దాని వర్గంగానూ పెరుగుతుంది. ఆ లెక్కన 6×6కు 27.7, మూడు పొరల గుంజకు 22.7, 4×6కు 17.6 ఘనపు అంగుళాలు వస్తాయి. ఉదాహరణకు గోడ మీద గాలి చదరపు అడుగుకు 20 పౌన్ల చొప్పున తోస్తుందనుకుందాం. 8 అడుగుల ఎడం ఉన్నప్పుడు ప్రతి గుంజా అటు నాలుగు, ఇటు నాలుగు అడుగుల గోడను మోస్తుంది కాబట్టి, దాని పొడవులో ప్రతి అడుగు మీదా 160 పౌన్లు పడతాయి. 12 అడుగుల ఎడం అయితే అది 240 పౌన్లు అవుతుంది. రేకు కప్పు గట్టిగా బిగిసి గుంజ తలను కదలకుండా పట్టుకున్నప్పుడు, 12 అడుగుల ఎత్తుకు లెక్క కడితే, 12 అడుగుల ఎడంలోని 6×6 గుంజలో చదరపు అంగుళానికి సుమారు 1,870 పౌన్ల ఒత్తిడి పుడుతుంది. 8 అడుగుల ఎడంలోని 4×6లో సుమారు 1,960, మూడు పొరల గుంజలో సుమారు 1,520 వస్తాయి. 6×6నే 8 అడుగుల ఎడంలో పెట్టి ఉంటే అది 1,250 దగ్గర ఉండేది.

ఇంతవరకూ లావు గుంజదే పైచేయిగా కనిపిస్తుంది. అసలు మలుపు కలప గ్రేడులో ఉంది. ఇక్కడ ఎక్కువగా వాడే సదరన్ ఎల్లో పైన్‌లో, అయిదు అంగుళాలు దాటిన లావు మొద్దులకూ, సన్నని పలకలకూ వేరు వేరు పట్టికలు ఉన్నాయి. లావు మొద్దు మధ్యలో ముడి ఎక్కడ ఉందో, గుండె చెక్క ఎటు తిరిగిందో చెప్పడం కష్టం కనుక, రెండవ నంబరు గ్రేడు 6×6కు వంపులో చదరపు అంగుళానికి 850 పౌన్లు మాత్రమే అనుమతిస్తారు. గాలి కొద్దిసేపే తోస్తుంది కాబట్టి ఆ కొద్దిసేపూ 1.6 రెట్లు ఒప్పుకుంటారు. అప్పుడు కూడా అది 1,360 దగ్గర ఆగుతుంది. అంటే మొదటి కొటేషన్‌లోని 12 అడుగుల ఎడానికి ఆ గుంజ చాలదు. రెండవ కొటేషన్‌లోని 4×6కు అదే గ్రేడులో 1,600 వరకూ అనుమతి ఉన్నా, దానిపై పడే ఒత్తిడి 1,960 కనుక అదీ చాలదు. మూడు పొరల గుంజలో ఒకటవ నంబరు గ్రేడు పలకలు వాడారు. వాటి మూల విలువ 1,350. మూడు పలకలు కలిసి పనిచేసేటప్పుడు ఒకదానిలోని ముడిని మిగతా రెండూ కాస్తాయి కాబట్టి, గాలికి ఇచ్చే 1.6 రెట్లతో పాటు, ఆ విలువను మరో 1.35 రెట్లు పెంచుకోనిస్తారు. నేలలోని తేమకు కొంత తగ్గించాక కూడా సుమారు 2,480 మిగులుతుంది. చూడడానికి 6×6 కంటే అంగుళం సన్నగా ఉన్న గుంజ దానికంటే ఇంతగా ఎందుకు గట్టిదో నాకు ఈ లెక్క చూశాకనే అర్థమైంది.

దీన్ని బట్టి 6×6 పనికిరాదని కాదు. 8 అడుగుల ఎడంలో రెండవ నంబరు 6×6 కూడా 12 అడుగుల ఎత్తుకు సరిపోతుంది. ఒకటవ నంబరు 6×6 దొరికితే 12 అడుగుల ఎడానికీ లెక్క కుదురుతుంది. అయితే కొటేషన్‌లో “6×6” అని మాత్రమే రాసి గ్రేడు రాయకపోతే, ఆ కాగితం గుంజ గురించి ఏమీ చెప్పనట్టే. ఎత్తు విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. పెద్ద వాహనం పెట్టుకుందామని చూరును 12 నుంచి 14 అడుగులకు పెంచితే, ఎత్తు వర్గంగా లెక్కలోకి వస్తుంది కనుక గుంజపై ఒత్తిడి 36 శాతం పెరుగుతుంది. అప్పుడు 8 అడుగుల ఎడంలోని రెండవ నంబరు 6×6 కూడా హద్దు దాటుతుంది. మా మిత్రుడొకరు “రెండు అడుగులే కదా” అని ఆ పెంపుదలను చివరి నిమిషంలో అడిగితే, వారి కట్టుబడిదారు గుంజను మార్చకుండానే సరేనన్నాడట. ఇక్కడ నేను చూపిన అంకెలు కొటేషన్లను పోల్చుకోవడానికి మాత్రమే. ఏ ఊరి గాలికి, ఏ నేలకు ఎంత వేయాలో ఆ రాష్ట్రపు లైసెన్సు ఉన్న ఇంజనీరు తేల్చాలి. మాకు కట్టిన సంస్థ ఇంజనీరు ముద్ర ఉన్న నక్షాను ధరలోనే కలిపి ఇచ్చింది. ఇది వారి సేవలో నాకు బాగా నచ్చిన అంశం. చాలా రాష్ట్రాలలో వ్యవసాయ కట్టడాలకు బిల్డింగ్ కోడ్ నుంచి మినహాయింపు ఉంది. అంటే తనిఖీకి ఎవరూ రారు, తప్పు పట్టుకునేవారూ ఉండరు. అటువంటి చోట ఆ ముద్ర ఉన్న కాగితం విలువ ఇంకా ఎక్కువ.

ఎడం పెంచితే గుంజలు మిగులుతాయన్నది సగం నిజమే. 8 అడుగుల ఎడంలో గుంజకూ గుంజకూ మధ్య 2×4 పర్లిన్లు (కప్పు రేకును మోసే అడ్డకర్రలు) సరిపోతాయి. 12 అడుగులకు వెళితే అవి 2×6 కావాలి, వాటిని నిలువుగా పెట్టి ఇనుప కొక్కేలతో బిగించాలి, గోడ అడ్డపట్టీల సంగతీ అంతే. ఒక్కో ట్రస్సు మోసే కప్పు పెరుగుతుంది కాబట్టి ట్రస్సు ధర పెరుగుతుంది. ఫుటింగ్ వ్యాసం పెరుగుతుంది. ఇవన్నీ కలుపుకుంటే నాలుగు గుంజల ఆదాలో ఎంత మిగులుతుందో మీరే అడిగి లెక్క వేయించుకోండి. మా విషయంలో మొదటి, మూడవ కొటేషన్ల మధ్య తేడా పెద్దగా లేకపోవడానికి కారణం ఇదే. పక్క గోడలో పెద్ద తలుపు కావాలనుకునేవారికి మాత్రం 12 అడుగుల ఎడం నిజమైన సౌకర్యం. మాకు తలుపు ముందు గోడలోనే ఉంది కనుక ఆ అవసరం రాలేదు.

ఆ ముందు గోడ దగ్గరే మేము కొంత ఇబ్బంది పడ్డాము. 30 అడుగుల వెడల్పులో మధ్యన 12 అడుగుల తలుపు, అటూ ఇటూ తొమ్మిదేసి అడుగుల గోడ. తలుపుకు రెండు వైపులా నిలిచే గుంజలు సగం తలుపునూ సగం గోడనూ, అంటే పదిన్నర అడుగుల వెడల్పు గాలిని మోస్తాయి. పక్క గోడకు లెక్క కట్టిన గుంజనే అక్కడ కూడా యథాతథంగా పెట్టేయడం ముగ్గురి కొటేషన్లలోనూ ఉంది. నేను అడిగేదాకా దీన్ని ఎవరూ ఎత్తలేదు. మా గుంజకు ఆ లెక్క కూడా తట్టుకునే బలం ఉందని ఇంజనీరు తేల్చారు. రెండవ నంబరు 6×6 అయి ఉంటే తట్టుకునేది కాదు. మీరు కట్టించేటప్పుడు పక్క గోడల ఎడం ఒక్కటే అడిగి ఊరుకోకండి. తలుపు పక్క గుంజల గురించి విడిగా అడగండి.

ఫుటింగ్ విషయంలో నా ఫిర్యాదు ఇంకా గట్టిది. 30 అడుగుల కప్పులో సగం, అంటే 15 అడుగులు, 8 అడుగుల ఎడంతో గుణిస్తే ఒక్కో గుంజ మీద 120 చదరపు అడుగుల కప్పు ఉంటుంది. మా నక్షాలో మంచు భారం 20 పౌన్లు, కప్పు సొంత బరువు 10 పౌన్లు తీసుకున్నారు. ఆ లెక్కన గుంజ అడుగున 3,600 పౌన్లు పడతాయి. మా నేల బంకమట్టి. పరీక్ష చేయించని బంకమట్టికి సాధారణంగా చదరపు అడుగుకు 1,500 పౌన్లకు మించి ఒప్పుకోరు. పనివారు తమతో తెచ్చినవి 16 అంగుళాల వ్యాసం ఉన్న, ముందే పోత పోసిన కాంక్రీటు బిళ్ళలు. అటువంటి బిళ్ళ విస్తీర్ణం 1.4 చదరపు అడుగులే కాబట్టి, దాని కింద మట్టి మీద చదరపు అడుగుకు 2,500 పౌన్లకు పైగా పడుతుంది. నక్షాలో ఉన్నది 24 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల మందంతో గుంతలోనే పోయవలసిన కాంక్రీటు. నక్షా గీయించినవారే, పని దగ్గరికి వచ్చేసరికి అలవాటైన బిళ్ళలు తెచ్చారు. నేను ఆ ఉదయం ఆఫీసుకు సెలవు పెట్టి అక్కడ ఉండబట్టి సరిపోయింది. వారి మేస్త్రీకి నక్షా విప్పి చూపించాను. ఆయన వాదించలేదు, ఒకసారి యజమానికి ఫోన్ చేసి, బిళ్ళలన్నీ మళ్ళీ బండెక్కించారు. కాంక్రీటు మరుసటి రోజు వచ్చింది. ఒక రోజు ఆలస్యమైనందుకు నాకు బాధ లేదు. నేను లేకపోతే ఏమయ్యేదన్న ఆలోచనకే వారికి ఒక మార్కు తగ్గించాను.

తవ్వకానికి ముందు 811 నంబరుకు ఫోన్ చేసి భూమిలోని కేబుళ్ళకూ గ్యాసు గొట్టాలకూ గుర్తులు పెట్టించడం వారే చూసుకున్నారు. చిన్న లోడరుకు తగిలించిన 24 అంగుళాల ఆగర్ ఒక్కో గుంతను కొద్ది నిమిషాలలో తీసింది. మా ప్రాంతంలో చలికాలంలో నేల మూడు అడుగుల లోతు వరకూ గడ్డకట్టవచ్చు కనుక, గుంజ అడుగు నాలుగు అడుగుల లోతున కూర్చునేలా, కాంక్రీటుతో కలిపి నాలుగు అడుగుల ఎనిమిది అంగుళాలు తవ్వారు. గడ్డకట్టే మట్టి ఉబ్బి గుంజను పైకి నెట్టకుండా ఉండడానికే ఈ లోతు. రెండవ రాత్రి వాన పడింది. తెల్లవారి చూస్తే తూర్పు వరుసలో మూడు గుంతలలో నీళ్ళు నిలిచాయి, ఒకదాని అంచు విరిగి లోపలికి పడింది. ఆ బురద మీదే కాంక్రీటు పోస్తే అది మట్టితో కలిసిపోతుంది, మెత్తటి మట్టి తరువాత కుంగుతుంది. ఈసారి నేను చెప్పకముందే మేస్త్రీ పంపు పెట్టి నీళ్ళు తోడించి, ఒక కుర్రవాడిని పొడుగాటి పారతో అడుగు మట్టిని గట్టినేల తగిలేదాకా గీకించారు. ఆ కుర్రవాడు నేల మీద బోర్లా పడుకుని, భుజం దాకా చేతిని గుంతలో పెట్టి, పార అంచుతో అడుగును తట్టి చప్పుడు వింటున్నాడు. మెత్తగా ఉంటే చప్పుడు రాదు, గట్టినేల తగిలితే టక్కుమంటుంది.

గుంజలు వచ్చిన రోజు జరిగిన పొరపాటు మాత్రం అడితివారిది. మందు పట్టించిన ప్రతి గుంజ చివరా వేలెడంత ప్లాస్టిక్ చీటీ ఒకటి పిన్నుతో కొట్టి ఉంటుంది. దాని మీద ఏ మందు, ఏ వాడకానికి అన్నది రాసి ఉంటుంది. ఇక్కడి ప్రమాణాలలో నేలను తాకే మామూలు కలపకు యూసీ4ఏ, కట్టడాన్ని మోసే, తరువాత మార్చడానికి వీలుకాని కలపకు యూసీ4బీ అని తరగతులు ఉన్నాయి. కంచె గుంజకు మొదటిది చాలు. కొట్టానికి రెండవది కావాలి. మా లారీలో వచ్చిన 18 గుంజలలో అయిదింటికి యూసీ4ఏ చీటీ ఉంది. రంగులో, బరువులో, వాసనలో తేడా ఏమీ తెలియదు. చీటీ చదివితేనే తెలుస్తుంది. సంస్థవారు ఆ అయిదింటినీ వెనక్కి పంపి నాలుగు రోజులలో మార్పించారు, అదనంగా ఏమీ తీసుకోలేదు. గుంజలను నిలబెట్టాక ఆ చీటీలు మట్టిలోకి పోతాయి కనుక, దించిన వెంటనే చదవండి, వీలైతే ఫోటో తీసి పెట్టుకోండి.

ఆ మందు గురించి ఒక్క మాట. వ్యవసాయ కట్టడాల గుంజలకు ఇప్పటికీ వాడుతున్న క్రోమేటెడ్ కాపర్ ఆర్సెనేట్‌ను 1933లో డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో కనిపెట్టినవారు సొంటి కామేశం. పేరు వినగానే మనవాడని తెలుస్తుంది. ఆర్సెనిక్ ఉన్నదన్న కారణంతో 2003 చివరి నుంచి ఇళ్ళకూ, పిల్లల ఆటస్థలాలకూ దాని వాడకం ఇక్కడ ఆగిపోయింది. కొట్టాల గుంజలకు మాత్రం అనుమతి ఉంది. మేకలు నాకే చోట, కూరగాయల మడి పక్కన అటువంటి గుంజను పెట్టకపోవడమే మంచిది. ఏ రాగి మందు పట్టిన కలపకైనా వేడి జింకులో ముంచిన మేకులూ బోల్టులూ వాడాలి, మామూలు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది.

నాన్నగారు వీడియో కాల్‌లో గుంజలను చూసి మొదట అడిగిన ప్రశ్న, “మొదలు కాల్చారా?” అని. మా ఊరిలో గుంజ పాతేముందు కింది మొదలును మంటలో కాల్చి, తారు పూసి పాతేవారు. కాల్చలేదు, మందు పట్టించారని చెబితే, “మరి నేల మట్టం దగ్గర పట్టిందా, అడుగున పట్టిందా?” అన్నారు. ఆ ప్రశ్న చాలా సరైనది. గుంజ లోతులో కంటే నేల మట్టానికి కాస్త కిందుగా ముందు పుచ్చుతుంది, ఎందుకంటే తేమా గాలీ రెండూ దొరికేది అక్కడే. మా మూడు పొరల గుంజలలో కింది భాగానికి మాత్రమే మందు పట్టించి, పై భాగానికి మందు లేని పొడి పలకలను మెట్లు మెట్లుగా అతుకు వేశారు. మందు భాగం నేల మట్టం దాటి పైకి ఎంత వచ్చిందో నేను టేపు పెట్టి కొలిచాను. అన్నిటికీ రెండు అడుగులకు పైగానే ఉంది. పొడవు ఎక్కువైతే కింద కోయకూడదు, పైనే కోయాలి. మందు లావు కలప గుండె దాకా చేరదు కనుక, కింద కోస్తే మందు తగలని చెక్క మట్టికి తగులుతుంది. సన్నని పలకలకు మందు లోపలిదాకా పడుతుందన్నది మూడు పొరల గుంజకు ఉన్న మరో సుగుణం.

పైభాగం పొడి పలక కావడం వల్ల ఇంకో మేలు కూడా కనిపించింది. మందు నీళ్ళతో తడిసి వచ్చే 6×6 మొద్దులు ఎండేకొద్దీ మెలి తిరగడం, నిలువునా పగుళ్ళు విచ్చడం ఈ పనిలో ఉన్నవారందరికీ తెలిసినదే. మా పొరుగువారి కొట్టంలో రెండు మూల గుంజలు అలా తిరిగి, రేకు మూలను ఉబ్బించాయి. మావి ఏడాది గడిచినా గుండు దారం పట్టి చూస్తే నిటారుగానే ఉన్నాయి. ఒక్కటి మాత్రం, పడమటి వరుసలో నాలుగవది, మొదటి నుంచీ వరుసకు ముప్పావు అంగుళం లోపలికి ఉంది. మట్టి దిమ్మిస కొట్టేటప్పుడు తాడు జరిగి ఉంటుంది. గోడ రేకులో ఆ చోట సన్నని నీడ గీత పడుతుంది. నేను తప్ప ఎవరూ గమనించలేదు, కానీ ఉదయపు ఎండలో నాకు రోజూ కనిపిస్తుంది.

ట్రస్సు కూర్చోబెట్టిన తీరు చూడముచ్చటగా ఉంది. మూడు పలకలలో మధ్య పలకను ట్రస్సు ఎత్తుకు సరిపడా కిందికి కోసి వదిలారు. ఒకటిన్నర అంగుళాల ట్రస్సు సరిగ్గా ఆ గాడిలో దిగి, కింది చెక్క మీద నేరుగా కూర్చుంది. అటు పలక, ఇటు పలక దాన్ని పట్టుకుంటే మధ్యలోనుంచి బోల్టులు బిగించారు. 6×6 అయితే ట్రస్సును గుంజ పక్కకు మేకులతో వేలాడదీయాలి, లేదా గుంజను తొలిచి మెట్టు చేయాలి. 1977 నవంబరు తుఫానులో మా పాక గుంజలు నిలిచాయి గానీ కప్పు మొత్తం లేచిపోయిందని నాన్నగారు ఇప్పటికీ చెబుతుంటారు. గాలి కప్పును కిందికి అదమడమే కాకుండా పైకి లాగుతుంది కనుక, కప్పును గుంజకూ, గుంజను నేలకూ కట్టి ఉంచాలి. మా గుంజల అడుగున రెండు వైపులా మందు పట్టిన చెక్క దిమ్మలు బిగించి, వాటి మీద మట్టి దిమ్మిస కొట్టారు. మట్టిని ఒక్కసారిగా నింపేయకుండా అరడుగు చొప్పున వేసి కొట్టడం నేను దగ్గరుండి చూశాను. చివరి మూడు గుంజల దగ్గర సాయంత్రమై, చేతులు కాస్త వేగం పెంచిన మాట నిజమే. వాటి చుట్టూ మట్టి మొదటి వానకు రెండంగుళాలు దిగింది. ఫోన్ చేస్తే వచ్చి నింపి కొట్టి వెళ్ళారు.

ధర విషయానికి వస్తే, అదే ఎడంలో మామూలు 6×6 గుంజలతో పోలిస్తే మూడు పొరల గుంజలకు 18 కలిపి మాకు సుమారు 900 డాలర్లు ఎక్కువ పడింది. మొత్తం ఖర్చులో అది చిన్న భాగం. 10 అడుగుల లోపు చూరుతో, పక్కలు తెరిచిన చిన్న గడ్డి చావడి వేసుకునేవారికి ఈ అదనపు ఖర్చు అవసరం లేదు. మంచి గ్రేడు 6×6లను 8 అడుగుల ఎడంలో పెట్టుకుంటే చాలు. ఒక్క హెచ్చరిక ఏమిటంటే, పక్కలు తెరిచిన చావడిలో గుంజ తలను పట్టి ఉంచే గోడ రేకు ఉండదు కనుక నేను పైన చూపిన లెక్క దానికి వర్తించదు. అక్కడ గుంజ కింది నుంచే తన కాళ్ళ మీద తాను నిలబడాలి. దానికి ఏటవాలు మద్దతు కర్రలు ఎక్కడెక్కడ వేస్తారో అడిగి రాయించుకోండి.

పనివారు మర్యాదస్తులు, ఉదయం ఏడింటికల్లా వచ్చేవారు, పోతూ పోతూ మేకులను అయస్కాంతపు కర్రతో ఏరుకుని వెళ్ళేవారు. నక్షాకూ, గుంజల నాణ్యతకూ, తప్పు ఒప్పుకుని దిద్దిన తీరుకూ మంచి మార్కులు వేస్తాను. ఫుటింగ్ బిళ్ళలకూ, ఆ మూడు గుంజల తొందరకూ తగ్గిస్తాను. అయిదుకు నాలుగు. జనవరిలో అడుగు మంచు కప్పు మీద రెండు రోజులు నిలిచినప్పుడు నేను టార్చిలైటు తీసుకుని లోపలికి వెళ్ళి, ప్రతి గుంజ మీదా నేల మట్టం దగ్గర సుద్దముక్కతో గీసి ఉంచిన గీతను చూశాను. పద్దెనిమిదింటిలో ఏదీ దిగలేదు. ముప్పావు అంగుళం లోపలికి ఉన్న ఆ నాలుగవ గుంజ దగ్గర రేకు సరిచేయడానికి వచ్చే నెలలో వస్తామన్నారు.